రెండో సంతకం

గులాబీల షెడ్డులో నాతోపాటు పనిచేసే అమ్మాయి ఒకతె ఉంది. అనంతపురం వైపు నుంచి వచ్చి హోసూరులో గది తీసుకుని ఉంటోంది. మొన్న ఇద్దరమూ కాడలు సమానంగా కత్తిరించి పూలు కట్టలు కడుతుంటే, ఎరువుల బస్తాలు దింపడానికి వచ్చినవాడు నన్ను చూసి "ఏం ప్రెసిడెంటమ్మా, బాగుండారా?" అని పలకరించి పోయాడు. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. ఐదేళ్ళు మా ఊరి పంచాయతీ ప్రెసిడెంటుగా ఉన్నానని చెబితే, "అయితే జీతం ఎంత వచ్చేది మేడం?" అని అడిగింది. చెప్పాను. "రోజుకా?" అంది. "నెలకు" అన్నాను. పువ్వు చేతిలో పట్టుకునే పగలబడి నవ్వింది. నాకు కోపం రాలేదు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నేనూ అలాగే నవ్వాను.

నవ్వు ఆగాక, "మరి ఎందుకు చేశారు?" అంది. దానికి జవాబు చెప్పేలోపు సూపర్‌వైజర్ వచ్చాడు, మాట తెగిపోయింది. జవాబు ఒక ముక్కలో చెప్పగలిగేది కూడా కాదు.

మా ఊరు హోసూరు నుంచి బేరిగై పోయే దారిలో కొంచెం లోపలికి ఉంటుంది. మావాళ్ళు ఇక్కడికి ఎప్పుడు వచ్చారో చెప్పగలిగిన మనిషి ఊళ్ళో లేడు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసుల్లో తమిళం. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను కాబట్టి తమిళం మాట్లాడటం నీళ్ళు తాగినట్టు వస్తుంది గానీ, చదవాలంటే అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. సంతకం ఇప్పటికీ తెలుగులోనే పెడతాను. ప్రెసిడెంటు అయిన కొత్తలో బ్యాంకులో ఒకాయన తమిళంలో పెట్టమన్నాడు. నా పేరు నాకు ఎట్లా రాయడం వస్తే అట్లానే రాస్తానని చెప్పి, రాసి వచ్చాను. ఆ రోజుల్లో నాకు ఆ మాత్రం పొగరు ఉండేది.

అంతకు ముందు పద్నాలుగేళ్ళు ఒక కంపెనీలో పనిచేశాను. చిన్న చిన్న ఇనుప భాగాలను భూతద్దం కింద పెట్టి, గీతలు పడ్డవాటిని ఏరి పక్కన పెట్టడం మొదటి పని. తరువాత అలా ఏరే వరుస మొత్తానికి నన్ను పెద్దను చేశారు. మలుపు దగ్గరికి కంపెనీ బస్సు వచ్చేది. పర్మనెంటు ఉద్యోగం. మా ఆయన టమోటా పెడతాడు. రాయకోట మండీలో ధర ఉన్న ఏడు మాది రాజభోగం, లేని ఏడు పండ్లు రోడ్డు పక్కన పారబోసి వస్తాడు. ఏ ఏడైనా ఇల్లు జరిగేది నా జీతంతోనే.

మా పంచాయతీ ఆ విడత ఆడవాళ్ళకు కేటాయింపు అయింది. అప్పటికి రెండు విడతలు ప్రెసిడెంటుగా ఉన్నాయన మాకు వరసకు మామ అవుతాడు. తన భార్యను నిలబెడదామనుకున్నాడు. అత్త ఒప్పుకోలేదు. "ఓడితే నీకి సిగ్గు, గెలిస్తే నాకి చాకిరి. పోప్పా" అందట. అప్పుడు మామ మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఊర్లో చదువుకున్న ఆడది ఇంగెవరుండారమ్మా? కంపెనీలో అంతమందిని ఏలుతా ఉండావు, ఊరు ఏలలేవా?"

మా ఆయన వద్దన్నాడు. నెల తిరిగేసరికి వచ్చే జీతం వదులుకుని ఊరి చాకిరి నెత్తికెత్తుకోవడం ఎక్కడి తెలివి అన్నాడు. ఆయన మాట నిజమే. కానీ ఊరికి మంచి చేద్దామని ఉబలాటపడ్డానని ఇప్పుడు రాస్తే సగమే నిజం. ఇంటికి వచ్చి మరీ నన్ను అడిగారు, అది నాకు బాగుంది. పద్నాలుగేళ్ళు అద్దంలోకి వంగి చూసినదాన్ని, తలెత్తి నాలుగు మాటలు చెప్పే చోటు దొరుకుతుందనుకున్నాను. కంపెనీకి రాజీనామా ఇచ్చాను. గెలిచాను.

గెలిచిన తరువాత మొదట తెలుసుకున్న విషయం, మా రాష్ట్రంలో పంచాయతీ డబ్బు బయటికి రావాలంటే రెండు సంతకాలు పడాలని. ఒకటి ప్రెసిడెంటుది, రెండోది వైస్ ప్రెసిడెంటుది. ఒక్కరే తినేయకుండా ఒకరి మీద ఒకరిని కాపలా పెట్టారన్నమాట. కాగితం మీద చూస్తే మంచి ఆలోచనే. మామ ఎందుకు ఒక వార్డుకు మెంబరుగా నిలబడి గెలిచాడో నాకు అప్పుడు అర్థమైంది.

వైస్ ప్రెసిడెంటును ఊరు ఎన్నుకోదు, మెంబర్లు ఎన్నుకుంటారు. ఆ ఎన్నికకు ముందు మెంబర్లను వ్యానెక్కించి ఎటైనా తిప్పి, ఓటు రోజు నేరుగా ఆఫీసు ముందర దింపడం మా పక్క వాడుక. మామ వాళ్ళను రామేశ్వరం తీసుకుపోయాడు, తిరిగి వచ్చి వైస్ ప్రెసిడెంటు అయ్యాడు. మెంబర్లలో ఒక అవ్వ ఉండేది, అందరికంటే పెద్దది. ఆమె పుట్టి బుద్ధెరిగి సముద్రం చూసింది ఆ ఒక్క ఓటుతోనే. తరువాత నేను ఎప్పుడు మామను తిట్టబోయినా, "పోనీలేవే, నాకి సముద్రం చూపించినాడు" అనేది. 

మొదటి సమావేశంలో సెక్రటరీ నియమాలు చదివాడు. మెంబర్లకు జీతం లేదు, సమావేశానికి వచ్చినప్పుడు 'అమర్వుప్పడి' ఇస్తారు అన్నాడు. కూర్చున్నందుకు ఇచ్చే భత్యమని ఆ తమిళ మాటకు అర్థం. అవ్వకు తమిళం అరకొరగానే వచ్చు. పడి అంటే ఆమెకు తెలిసింది గింజలు కొలిచే పడి ఒక్కటే. నా వైపు వంగి, "ఏమే, ఈడ కూకుంటే పడి గింజలిస్తారంటనే? రాగులా, వడ్లా?" అని అడిగింది. గది మొత్తం నవ్వింది. ఆ భత్యం ఎంతో సెక్రటరీ చెప్పాక అవ్వ నవ్వలేదు. "దానికంటే రాగులే మేలు కదప్పా" అంది. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

మామ దొంగ అని ఒక్క మాటలో తేల్చేస్తే ఈ కథ రాయడం సులువవుతుంది. ఊరికి పెద్ద నీళ్ళ ట్యాంకు తెచ్చింది ఆయనే. దాన్ని కట్టిన కాంట్రాక్టరు ఆయన బావమరిది. రెండూ నిజాలే. ప్రతి ఎన్నికకూ కొంచెం మెట్ట అమ్మాడు, గెలిచాక ఆ మెట్ట వెనక్కి రావాలని చూశాడు. ఏ సీటు ఎప్పుడు ఆడవాళ్ళకు పోతుందో, ఎప్పుడు తిరిగి వస్తుందో ఆయనకు పంచాంగం కంటే బాగా తెలుసు. నేను ఊరి పని అనుకున్నదాన్ని ఆయన వ్యవసాయం అనుకున్నాడు. పెట్టుబడి, పంట, మళ్ళీ పెట్టుబడి.

ఒకసారి పంచాయతీ ఆఫీసులో మేమిద్దరమే ఉన్నప్పుడు, నా నెల జీతం హోసూరుకు రెండుసార్లు ఆటోలో పోయి వస్తే అయిపోతోందని విసుక్కున్నాను. ఆయన నెమ్మదిగా వక్క నములుతూ చెప్పాడు.

"ఈ కుర్చీకి ఆ జీతం పెట్టినోడు, మనం దొంగతనం చేస్తామని ముందే లెక్కేసినాడమ్మా. చేయకపోతే వాని లెక్క తప్పుతుంది."

"నేను చేయను మామా."

"నీకి అదన్నా ఉండాది. నాకేముండాది చెప్పు? కూకున్నదానికి ఇచ్చేది కాఫీకి చాలదు. నాకుండేది ఒకటే, సంతకం. అదే నా జీతం అనుకో."

ఆ మాట ఆయన సిగ్గుపడుతూ చెప్పలేదు, బెదిరిస్తూ కూడా చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

అప్పుడప్పుడు కృష్ణగిరిలో మీటింగులకు పిలిచేవారు. చుట్టుపక్కల పంచాయతీల ప్రెసిడెంట్లు అందరూ వచ్చేవారు. వాళ్ళను చూస్తూ కూర్చుంటే ఒక సంగతి తెలిసేది. సగం మంది కాంట్రాక్టర్లు, స్థలాల బ్రోకర్లు. మిగిలినవాళ్ళలో కొందరు కలిగిన ఇంటివాళ్ళు. కడుపు నిండినవాళ్ళో, నింపుకుందామని వచ్చినవాళ్ళో తప్ప ఆ కుర్చీలో ఐదేళ్ళు ఎవరు కూర్చోగలరు? జవళగిరి వైపు నుంచి ఒకామె వచ్చేది. మీటింగు లేని రోజు ఆమె కూలికి పోయేది. మూడో ఏడు నుంచి మీటింగులకు రావడం మానేసింది, ఆమె బదులు ఆమె మరిది వచ్చేవాడు. కారులో వచ్చేవాడు.

నాలుగో ఏడు నేను చాటుగా నా పాత కంపెనీకి పోయి అడిగాను. పదవి అయ్యాక తిరిగి తీసుకుంటారా అని. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. నా వయసుకు ఇప్పుడు పర్మనెంటు లేదు, కాంట్రాక్టు కింద అయితే పేరు రాసుకుంటాం అన్నారు. కంపెనీలో అయితే ఏళ్ళు గడిచేకొద్దీ మనిషికి పై మెట్టు దొరుకుతుంది. ఈ కుర్చీలో ఏళ్ళు గడిస్తే ఇంకో ఎలక్షన్‌లో నిలబడటం తప్ప పైకి పోయే దారి లేదు. కంపెనీకి పోయి వచ్చిన సంగతి నేను ఇంట్లో చెప్పలేదు.

అదే ఏడు లేఔట్ వచ్చింది. హోసూరు పెరిగి పెరిగి మా పొలాల దాకా వచ్చేసింది. ఊరి పైన ఒక పెద్ద తోటను కొని, చదును చేసి, ఇళ్ళ స్థలాలుగా విడగొట్టి హద్దులకు రంగు రాళ్ళు పాతారు. ఆ తోటకూ రోడ్డుకూ మధ్య ఒక కాలువ ఉంది. వాననీళ్ళు ఆ కాలువలోనే దిగువ చెరువుకు పోవాలి. లేఔట్ వాళ్ళు ఆ కాలువలో రెండు పైపులు వేసి, మీద మట్టి పోసి దారి చేసుకుంటామన్నారు. దానికి పంచాయతీ అభ్యంతరం లేదని తీర్మానం కావాలి. తీర్మానం కింద ప్రెసిడెంటు సంతకం కావాలి. అంటే నాది.

నేను కుదరదన్నాను. రెండు పైపుల్లో ఒక కాలువ నీళ్ళు ఎట్లా పోతాయని అడిగాను. మామ వాదించలేదు. బయటికి తీసుకుపోయి, "కోపం వద్దమ్మా, ముందర చూడు" అన్నాడు. పంచాయతీ సీటు వచ్చే విడత తిరిగి ఆయనకు వస్తుందట. నన్ను పైమెట్టుకు, యూనియన్ కౌన్సిలరుగా, అంటే పది పన్నెండు ఊళ్ళకు మెంబరుగా నిలబెడతారట. పార్టీలో మాట్లాడేది ఆయన, ఖర్చు చూసుకునేది లేఔట్ వాళ్ళు. "నీ మాదిరి మంచి పేరుండేవాళ్ళు ఆడికి పోవాల" అన్నాడు. నేను ఛీ అని వచ్చేశాను.

ఆ నెల నుంచి నీళ్ళాయన జీతం ఆగిపోయింది.

ట్యాంకు నింపి, వీధి వీధికీ వాల్వులు తిప్పి నీళ్ళు వదిలే మనిషిని మా ఊళ్ళో నీళ్ళాయన అనే అంటారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ పని ఆయనదే. పొడుగాటి ఇనుప కడ్డీ ఒకటి భుజాన వేసుకుని తిరుగుతాడు, వాల్వు తిప్పేది దాంతోనే. ఏ వాల్వు ఎక్కడ మట్టి కింద ఉందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన జీతం నేను సంతకం పెట్టి పంపాను. రెండో సంతకం పడలేదు. మామను అడిగితే, "చూస్తానమ్మా, బిల్లులో ఏమో తేడా ఉండాది" అన్నాడు. తేడా ఏమిటో నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ సామెత ఎవరో మా పంచాయతీని చూసే కట్టి ఉంటారు.

మరుసటి నెల మొదలు పొద్దున్నే నీళ్ళు వదిలేశాక ఆయన మా ఇంటి ముందుకు వచ్చి నిలబడేవాడు. పిలిచేవాడు కాదు. నేనే చూసి కాఫీ తెచ్చి ఇచ్చేదాన్ని.

"ఏమన్నా ఆయనామ్మా?"

"ఇంగా లేదప్పా."

అంతే. లోటా కడిగి అరుగు మీద బోర్లించి, కడ్డీ భుజాన వేసుకుని పోయేవాడు. నా మీద అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.  కోపమంతా మా ఆయన మీద చూపించేదాన్ని, టమోటా బాక్సుల మీద చూపించేదాన్ని.

కృష్ణగిరికి మూడుసార్లు పోయాను. వైస్ ప్రెసిడెంటు సంతకం పెట్టకపోతే ఆ అధికారం ఇంకొక మెంబరుకు ఇప్పించే వీలు ఉంటుంది. అర్జీ ఇచ్చాను. అధికారి మంచివాడే, అలిసిపోయిన మనిషి. "ఇద్దరూ ఒకే ఊరివాళ్ళు, కూర్చుని మాట్లాడుకోండమ్మా, ఫైలు కదులుతుంది గానీ టైం పడుతుంది" అని తమిళంలో చెప్పాడు. బయట నాలాంటివాళ్ళు ఇంకా చాలామంది కాగితాలు పట్టుకుని ఉన్నారు.

ఇక్కడ ఒక మాట రాయాలి, రాయకపోతే మిగిలింది రాసి ప్రయోజనం లేదు. మూడోసారి కృష్ణగిరి పోతూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, యూనియన్ వార్డులో ఏయే ఊళ్ళు వస్తాయో వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఏ ఊళ్ళో మావాళ్ళు ఎక్కువ, ఏ ఊళ్ళో నా పేరు తెలుసు, ఎక్కడ కన్నడంలో మాట్లాడాలి అని. మామ మీద ఫిర్యాదు పట్టుకుని పోతూ మామ చూపించిన కుర్చీ కొలుచుకుంటున్నానని కృష్ణగిరి బస్టాండులో దిగాక గానీ నాకు తట్టలేదు.

నాలుగు నెలలయ్యాయి. సమావేశం పెట్టారు. తీర్మానం తమిళంలో టైపు చేసి సిద్ధంగా ఉంది. నేను దాన్ని నెమ్మదిగా అక్షరం అక్షరం చదివాను. అవ్వ అంది, "పెట్టేయవే. కాలువ పోతే పోనీ. ఆ మనిషి మొహం చూడలేకుండా ఉండాను."

మామ జీతాల కాగితం తీసి, తన సంతకం పెట్టి, నా ముందుకు జరిపాడు. అంటే బేరంలో తన వంతు ముందే ఇచ్చేశాడు. నేను తీర్మానం మీద సంతకం పెట్టాను, తెలుగులోనే. "ఇది ఆ మనిషి కడుపు కోసరం పెడతా ఉండాను, మీకోసరం కాదు" అని అందరికీ వినిపించేలా చెప్పాను. మెంబర్లు తలలు ఊపారు. ఇంటికి వస్తుంటే దారిలో ఇద్దరు ముగ్గురు, ఏం చేస్తావులే, మంచి పనే చేశావు అన్నారు. నాకు ఏడుపు వచ్చింది గానీ, ఆ మాట తియ్యగానే ఉంది.

నాలుగు రోజుల్లో జీతం మొత్తం నీళ్ళాయన బ్యాంకులో పడింది. మరుసటి పొద్దున ఆయన వచ్చి కాఫీ తాగి, లోటా కడిగి బోర్లించి, భుజం మీది కడ్డీ తీసి మా గోడకు ఆనించాడు.

"రేపటి నుంచి రానమ్మా."

"యాడికి పోతావప్పా?"

"లేఔట్‌కి. వాచ్‌మన్ పని. ఆడ రెండింతలిస్తారు."

 నేను వద్దని ఎట్లా అనగలను? పద్దెనిమిదేళ్ళు ఎండలో వానలో తిరిగిన మనిషికి నీడలో కుర్చీ వేసి, బట్టలు కుట్టించి ఇస్తామంటే ఎవరు పోరు? ఎక్కువ ఇచ్చే చోటికి మనిషి పోవడం తప్పంటే, మా ఊళ్ళో తప్పు చేయనివాళ్ళు ఎవరూ మిగలరు.

కానీ నీళ్ళ గతి అధ్వాన్నమైంది. కొత్తగా పెట్టిన మనిషికి వాల్వులు తెలియవు. నేను, మా ఆయన, ఆ మనిషి ముగ్గురమూ కడ్డీ పట్టుకుని వీధుల్లో మట్టి గుచ్చుకుంటూ తిరిగాం. ఒక వీధికి వదిలితే ఇంకో వీధికి పోయేది. ట్యాంకు ఖాళీ అయ్యేది, పై వీధికి మాత్రం చుక్క చేరేది కాదు. ఆడవాళ్ళు బిందెలు తెచ్చి మా ఇంటి ముందర వరసగా పెట్టారు. అవ్వ కూడా వచ్చి, "సముద్రం చూసినదాన్ని, బిందెడు నీళ్ళకి నీ ఇంటికాడికి తెచ్చినావు కదే" అంది.  ఆ మధ్యలో ఒక వాన పడింది. నీళ్ళన్నీ లేఔట్ కొత్త దారి పక్కన నిలబడ్డాయి, చెరువు వైపు పోలేదు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అందరూ చూశారు.

పదిరోజులు చూసి, ఒక మధ్యాహ్నం లేఔట్ దగ్గరికి పోయాను. నీళ్ళాయన గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నీలం చొక్కా, తలకు టోపీ. నన్ను చూసి లేచి నిలబడి కుర్చీ నాకు వేశాడు. నేను కూర్చోలేదు.

"ఒక్కసారి వచ్చి వాల్వులు యాడ ఉండాయో వానికి చూపించిపోప్పా. నీకి కూలి ఇప్పిస్తాను."

"ఆదివారం వస్తానమ్మా" అన్నాడు.

పని అయిపోయింది, తిరిగి రావచ్చు. కానీ ఆయన మొహం చూస్తే ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది. "పోనీలే, ఈడన్నా నెలకి నెల వస్తాది. ఆ నాలుగు నెలలూ ఎట్ల తిన్నావో ఏమో" అన్నాను.

"తిండికేమమ్మా, వీళ్ళు అడ్వాన్స్ ఇచ్చినారు కద."

"ఎప్పుడు?"

"ఆడ జీతం నిలిచిన నెలలోనే. పని మొదలయ్యేదాకా ఉంచుకోమన్నారు. వైస్ ప్రెసిడెంటే మాట్లాడి పెట్టినాడు."

 "మరి దినామూ పొద్దున్నే మా ఇంటికాడికి ఎందుకొస్తివి?" అని అడిగాను. గొంతు పెరిగింది, నాకే తెలిసింది.

ఆయనకు నా కోపం అర్థం కాలేదు. "అది నా కూలి కదమ్మా. నీళ్ళు ఇడిసింది నేనే కద. అడగకూడదా?"

"అడ్వాన్స్ తీసుకున్నానని నాకి చెప్పలేదే!"

"మీరు అడగలేదు కదమ్మా" అన్నాడు. "మీరు కాఫీ ఇస్తిరి. లేదప్పా అంటిరి. ఇంగేమీ అడగలేదు."

ఇంటికి నడుస్తూ మామను తిట్టుకున్నాను, లేఔట్ వాళ్ళను తిట్టుకున్నాను. ఇల్లు చేరేసరికి తిట్టుకోవడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు. దాదాపు నూరు రోజులు ఆ మనిషి నా ముందర నిలబడ్డాడు. ఇంట్లో పొయ్యి వెలుగుతోందా అని నేను ఒక్క మాట అడగలేదు. అడిగితే, "జరుగుతా ఉండాదమ్మా" అనేవాడు. అప్పుడు నాకు సంతకం పెట్టడానికి కారణం ఉండేది కాదు. ఆయన ఆకలి నాకు అవసరమైంది. ఒకడి కడుపు కోసం తలొంచానని చెప్పుకుంటే మంచి పేరు పోదు, యూనియన్ సీటూ పోదు. నేను డబ్బు ముట్టలేదు, నిజమే. ఆ మాట చాలా రోజులు చాలాసార్లు చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడం మానేశాను.

పదవీకాలం అయిపోయింది. కొత్త ఎన్నికలు ఎప్పుడో ఎవరికీ తెలియదు, అధికారులే పంచాయతీ చూస్తున్నారు. నేను పొద్దున్నే గులాబీల షెడ్డుకు వెళ్తున్నాను. నెల తిరిగితే వచ్చేది ప్రెసిడెంటు జీతానికి ఎన్నో రెట్లు. మామ పండగలకు ఫోన్ చేస్తాడు, పార్టీలో నా పేరు ఉందంటాడు. చూద్దాం మామా అంటాను. వద్దని ఇప్పటికీ చెప్పలేదు, ఎందుకు చెప్పలేదని మా ఆయన అడగడు.

అప్పట్లో, వాల్వులు చూపిస్తానన్న ఆ ఆదివారం నీళ్ళాయన చెప్పినట్టే వచ్చాడు. నీలం చొక్కా విప్పి సంచీలో పెట్టుకుని, పాత బనీనుతో వచ్చాడు. కొత్త మనిషిని వెంటబెట్టుకుని ట్యాంకు దగ్గర మొదలుపెట్టి ఊరంతా నడిచాడు. ప్రతి వాల్వు దగ్గర వంగి చేత్తో మట్టి తీసి, ఎన్ని చుట్లు తిప్పాలో, ఏది బిగుసుకుపోతుందో, ఎండాకాలం దేన్ని సగమే తెరవాలో చెప్పాడు. గుర్తుకు ఒక్కోదాని పక్కన ఒక రాయి పెట్టాడు. మధ్యాహ్నం దాటింది. పై వీధి కుళాయిల్లో నీళ్ళు వచ్చిన చప్పుడు, ఆడవాళ్ళ కేకలు వినిపించాయి. నేను ఇంట్లోకి పోయి డబ్బు తెచ్చి ఆయన చేతిలో పెట్టబోయాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"దీనికెందుకమ్మా?" అన్నాడు.

మొహమాటానికి అంటున్నాడేమోనని మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ వద్దన్నాడు. మా కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోయాడు. నేను డబ్బు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఐదేళ్ళలో ఆ పంచాయతీ పనిలో డబ్బు వద్దన్న మాట నేను విన్నది అదొక్కసారే, అది కూడా అప్పటికే పని మానేసిన మనిషి నోట.